గుర్రపు సైన్యం కూర్చడం ఎలా? – వెయ్యి పాయింట్ల పాఠం

(పీజీ గణితం విద్యార్థి, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి)

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని సంపాదక వర్గం వారు అడిగారు. గణితం మీద రాస్తే పేజీ తిప్పేస్తారని, ఆట మీద రాస్తే చివరిదాకా చదువుతారని నాకు తెలుసు. అందుకే ఆటలో ఉన్న గణితం మీద రాస్తున్నాను. తమ్ముళ్లారా, ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. అన్నలు ఊరికే చదివినా సరిపోతుంది.

చదరంగం మన హాస్టల్‌లో అందరికీ తెలిసిన ఆటే. అందులో ఇద్దరికీ సమానంగా 16 పావులు ఉంటాయి. ఒక్కొక్కరికి రెండే గుర్రాలు. "నాకు బంట్లు వద్దు, వాటి బదులు ఇంకో నాలుగు గుర్రాలు ఇవ్వండి" అంటే ఎవరూ ఒప్పుకోరు. అయితే అలా అడగనిచ్చే ఆటలు కూడా లోకంలో ఉన్నాయి. వాటిలో ఆట మొదలయ్యే ముందే సగం ఆట జరిగిపోతుంది. ఎన్ని గుర్రాలు, ఎంతమంది కాలిబంట్లు, ఎంతమంది విలుకాండ్రు అన్నది ఆటగాడే నిర్ణయించుకుని కాగితం మీద రాసుకుంటాడు. ఆ కాగితాన్నే ఆర్మీ లిస్ట్ అంటారు. ఎక్కువగా గుర్రాలతో నిండిన ఆర్మీ లిస్టును గెలిచేలా ఎలా కూర్చాలో ఈ పాఠంలో చూద్దాం.

1. ఈ ఆట ఎక్కడిది?

బల్ల మీద యుద్ధం ఆడే పద్ధతి మొదట సైనికాధికారుల శిక్షణ కోసం వచ్చింది. ప్రష్యా దేశంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు తయారు చేసిన యుద్ధక్రీడ నియమాలు 1824లో అచ్చయ్యాయి. ఆ దేశపు సైన్యం దాన్ని అధికారుల శిక్షణకు వాడుకుంది. తర్వాత ఇంగ్లండు రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకం రాసి, బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునే పద్ధతి చెప్పాడు. 1983లో ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 'వార్‌హామర్' అనే ఆటను తెచ్చింది. ఇది కల్పిత లోకం. అందులో మనుషులు, మరుగుజ్జులు, రాక్షసులు, దయ్యాలు అందరికీ సైన్యాలు ఉంటాయి.

ఆ లోకంలో బ్రెటోనియా అనే రాజ్యం ఒకటి. మధ్యయుగపు ఫ్రాన్సును, ఆర్థర్ రాజు కథలను కలిపి దాన్ని ఊహించారు. దాని సైన్యంలో ప్రధానులు ఇనుప కవచాలు తొడుక్కుని, పొడవాటి బల్లేలు పట్టుకుని గుర్రాల మీద వచ్చే వీరులే. గుర్రపు సైన్యం అనగానే ఈ ఆట ఆడేవాళ్లకు మొదట గుర్తొచ్చేది బ్రెటోనియానే.

నియమాల పుస్తకం చాలాసార్లు మారింది. 2000లో వచ్చిన 6వ కూర్పు, 2006లో వచ్చిన 7వ కూర్పు పద్ధతిని ఈ పాఠానికి తీసుకున్నాను. గుర్రాల లెక్క నేర్చుకోవడానికి అవే బాగుంటాయి. ఆ తర్వాత ఏం మారిందో చివర చెబుతాను.

2. మన బడ్జెట్

ఇద్దరు ఆటగాళ్లకూ సమానంగా పాయింట్లు ఉంటాయి. ప్రతి సైనికుడికీ ఒక ధర ఉంటుంది. మంచి సైనికుడికి ఎక్కువ, మామూలు సైనికుడికి తక్కువ. మొత్తం ఇచ్చిన పాయింట్లు దాటకూడదు. పెద్ద ఆటలు 2000 పాయింట్లతో ఆడతారు. మనం 1000తో మొదలుపెడదాం.

కింది ధరలు కూడిక సులువుగా రావడానికి నేను పెట్టుకున్నవి. అసలు పుస్తకంలో ఆయుధాలకు, జెండాలకు విడిగా ధరలుంటాయి. మనకు ఇప్పుడు అంత వివరం అక్కర లేదు. ప్రతి దళానికీ ఒక జెండా ఉచితం అనుకుందాం.

నాయకుడు (గుర్రం మీద) – 100
బరువు రౌతు (కవచం, బల్లెం, గుర్రానికి కూడా కవచం) – 25
తేలిక రౌతు (కవచం లేని గుర్రం, చిన్న ఈటె) – 15
విలుకాడు – 6
కాలిబంటు – 5

ఒక బరువు రౌతు ధరకు అయిదుగురు కాలిబంట్లు వస్తారు. ఈ ఒక్క మాట గుర్తుంటే పాఠంలో సగం వచ్చినట్టే.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. మా అమ్మకు అక్షరం రాదు. అయినా వారం కూలి డబ్బులు చేతికి రాగానే సంతకు బయలుదేరే ముందు ఆమె నోటితో వేసే లెక్క నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ముందు బియ్యం, తర్వాత నూనె, ఉప్పు, నాన్న మందులు, ఏమైనా మిగిలితే మాకు మరమరాలు. ఏం కొనాలన్న దానికన్నా ఏం మానుకోవాలన్న దాని మీదే ఆమె ఎక్కువసేపు ఆలోచించేది. ఆర్మీ లిస్ట్ కూడా సరిగ్గా అంతే. ఒకటి రాసుకున్నామంటే ఇంకొకటి కొట్టేసినట్టే.

3. గుర్రం బలం ఎక్కడ ఉంది?

గుర్రపు దళానికి మూడు బలాలు ఉన్నాయి.

మొదటిది దూరం. కాలిబంటు ఒక విడతలో 4 అంగుళాలు నడుస్తాడు. శత్రువు మీదికి దూకేటప్పుడు దానికి రెట్టింపు, అంటే 8 అంగుళాలు వెళ్లగలడు. గుర్రం నడక 8 అంగుళాలు, కవచం బరువుకు ఒకటి తగ్గి 7. దూకితే 14 అంగుళాలు. తేలిక గుర్రం 16 అంగుళాలు దూకుతుంది. అంటే కాలిబంట్లకు 8 అంగుళాలకు పైన, 14 అంగుళాల లోపల నిలబడితే మనం వాళ్లను కొట్టగలం, వాళ్లు మనల్ని అందుకోలేరు. అయితే ఈ కూర్పుల్లో దూకుతానని చెప్పే ముందు టేపు పెట్టి కొలవకూడదు. కంటితోనే అంచనా వేయాలి. కన్ను బాగా అలవాటైనవాడికే గుర్రాలు పనిచేస్తాయి.

రెండోది మొదటి దెబ్బ. దూకినవాడే ముందు కొడతాడు. పైగా బల్లెం దూకిన విడతలో మాత్రం బలాన్ని రెండు పెంచుతుంది. బలం 3 ఉన్న మనిషి ఆ ఒక్క విడతలో 5 బలంతో కొడతాడు.

మూడోది కవచం. బరువు రౌతు పాచిక వేసి 2 కానీ అంతకంటే ఎక్కువ కానీ తెస్తే దెబ్బ తగలనట్టే. అంటే ఆరింట అయిదుసార్లు తప్పించుకుంటాడు. పదిమంది విలుకాండ్రు దగ్గర నుంచి బాణాలు వేశారనుకోండి. సగం తగులుతాయి, తగిలిన వాటిలో సగం గాయం చేస్తాయి, ఆ గాయాల్లో ఆరో వంతు మాత్రమే కవచం దాటుతాయి. 10 × 1/2 × 1/2 × 1/6 చేస్తే 0.42 వస్తుంది. పదిమంది కలిసి ఒక విడతలో సగం రౌతును కూడా పడగొట్టలేరు!

ఇది చూసినవాడు ఎవడైనా ఏమనుకుంటాడు? వెయ్యి పాయింట్లూ బరువు రౌతులకే పెడితే సరి అనుకుంటాడు. నాయకుడు పోగా మిగిలిన 900కి 36 మంది వస్తారు. చూడటానికి చాలా గొప్పగా ఉంటుంది. ఇప్పుడు దాన్ని లెక్కలో పెట్టి చూద్దాం.

4. ఎదురుగా ఢీకొడితే

అయిదుగురు బరువు రౌతులు ఒకే వరుసలో 25 మంది కాలిబంట్ల మీదికి ఎదురుగా దూకారు. కాలిబంట్లు అయిదేసి మంది చొప్పున అయిదు వరుసల్లో నిలబడ్డారు. వాళ్లకు తేలిక కవచం, డాలు ఉన్నాయి.

రౌతుకు నైపుణ్యం ఎక్కువ కాబట్టి మూడింట రెండు దెబ్బలు తగులుతాయి. బలం 5 కాబట్టి తగిలిన వాటిలో ఆరింట అయిదు గాయం చేస్తాయి. అంత బలానికి కాలిబంటు కవచం ఆగదు. 5 × 2/3 × 5/6 = 2.8 సుమారు. గుర్రాలు కూడా కాళ్లతో కొడతాయి. వాటికి బల్లెం బలం రాదు. 5 × 1/2 × 1/2 × 2/3 = 0.8. మొత్తం 3.6. అంటే ముగ్గురో నలుగురో కాలిబంట్లు పడతారు. ముందు వరుసలో మిగిలిన ఒకరిద్దరు తిరిగి కొట్టినా మన కవచం ఆపేస్తుంది.

మనవాళ్లు ఒక్కరూ పడలేదు, వాళ్లు ముగ్గురు పడ్డారు. మనమే గెలిచామనుకుంటాం. కానీ ఈ ఆటలో పడినవాళ్లను మాత్రమే లెక్కపెట్టరు.

మనకు: పడగొట్టినవాళ్లు 3, జెండా 1. మొత్తం 4.
వాళ్లకు: వెనక నిలబడ్డ వరుసలకు 3 (అంతకుమించి ఇవ్వరు), జెండా 1, సంఖ్యలో ఎక్కువ ఉన్నందుకు 1. మొత్తం 5.

మనం ఒక పాయింటుతో ఓడిపోయాం! నలుగురు పడితే సరిసమానం. ఓడిన దళం నిలకడ పరీక్ష రాయాలి. రెండు పాచికలు వేసి, వచ్చిన మొత్తం మన నిలకడ సంఖ్యకు మించకూడదు. ఓడిన తేడాను ఆ సంఖ్య నుంచి తీసేస్తారు. రౌతుల నిలకడ 8 అనుకుంటే ఒకటి పోయి 7. రెండు పాచికలకు 36 రకాల ఫలితాల్లో 7 లేదా తక్కువ వచ్చేవి 21. మిగిలిన 15 వస్తే 125 పాయింట్ల రౌతులు 125 పాయింట్ల కాలిబంట్ల ముందు నుంచి పారిపోతారు.

పారిపోకుండా నిలబడినా కష్టమే. రెండో విడతలో బల్లెం బలం ఉండదు. అదే లెక్క మళ్లీ వేస్తే రౌతుల వల్ల 1.1, గుర్రాల వల్ల 0.8, మొత్తం 1.9 మాత్రమే. మొదటి దెబ్బలో సగం. అందుకే గుర్రపు దళం ఒక్క దెబ్బలో పని ముగించాలి. ముగించలేని చోటికి వెళ్లకూడదు.

5. పక్క నుంచి కొడితే

ఇప్పుడు అదే లెక్కకు ఒక్క మార్పు చేద్దాం. బరువు రౌతులు ఎదురుగా దూకిన విడతలోనే అయిదుగురు తేలిక రౌతులు కాలిబంట్ల పక్క నుంచి దూకారు. ఒక గుర్రం, దాని మీది మనిషి కలిసి ఇద్దరితో సమానంగా లెక్క. పక్క నుంచి తగిలిన దళం బలం 5కి తగ్గకపోతే ఎదుటివాడి వరుసల పాయింట్లు రద్దు. మన అయిదు గుర్రాల బలం 10.

మనకు: పడగొట్టినవాళ్లు 3, జెండా 1, పక్క దాడికి 1. మొత్తం 5.
వాళ్లకు: వరుసలు 0, జెండా 1, సంఖ్య 1 (మన 20కి వాళ్లు 22 మంది). మొత్తం 2.

తేడా 3. కాలిబంట్ల నిలకడ 7 అనుకుంటే 4కు పడిపోతుంది. రెండు పాచికల మీద 4 లేదా తక్కువ వచ్చే ఫలితాలు 36లో 6. అంటే ఆరింట అయిదుసార్లు వాళ్లు పారిపోతారు. తేలిక రౌతులు ఒకరిద్దరిని పడగొట్టిన లెక్క నేను వేయనే లేదు.

తర్వాతే అసలు పంట. పారిపోయే కాలిబంట్లు రెండు పాచికలు వేస్తారు. తరిమే గుర్రాలు మూడు వేస్తాయి. సగటున 7కి 10.5. తరిమేవాడి సంఖ్య సమానమైనా, ఎక్కువైనా ఆ దళం మొత్తం పోయినట్టే. బల్లేలకు పడింది ముగ్గురు, గిట్టల కింద పడింది మిగిలిన 22 మంది.

75 పాయింట్ల తేలిక దళం వచ్చి చేరగానే ఓటమి గెలుపైంది. వాళ్లు గొప్పగా పోరాడారా? లేదు. సరైన చోట, సరైన విడతలో ఉన్నారు, అంతే. ఈ పాఠం మొత్తంలో నేను చెప్పదలచుకున్నది ఇదే: గుర్రపు సైన్యం బలం గుర్రంలో లేదు, రెండు దళాలు ఒకే చోట ఒకే విడతలో కలవడంలో ఉంది. అలా కలిసే వీలు మన లిస్టులో ముందే ఉండాలి.

6. మన పట్టిక

పై సూత్రంతో 1000 పాయింట్లు ఇలా పంచాను.

నాయకుడు – 100
బరువు రౌతులు, మొదటి దళం, 8 మంది – 200
బరువు రౌతులు, రెండో దళం, 8 మంది – 200
బరువు రౌతులు, మూడో దళం, 6 మంది – 150
తేలిక రౌతులు, మొదటి దళం, 6 మంది – 90
తేలిక రౌతులు, రెండో దళం, 5 మంది – 75
కాలిబంట్లు, 25 మంది – 125
విలుకాండ్రు, 10 మంది – 60
మొత్తం – 1000

గుర్రాలకే 815 పాయింట్లు పోయాయి. కాబట్టి ఇది గుర్రపు సైన్యమే. కానీ ఏ దళమూ ఒంటరిగా లేదు. ఒక్కొక్క దాని పని చూద్దాం.

బరువు దళంలో 8 మంది ఎందుకు? అయిదుగురు ముందు వరుస, ముగ్గురు వెనక. దారిలో ఇద్దరు ముగ్గురు పడిపోయినా ముందు వరుస అయిదుగురితో నిండుగానే ఉంటుంది. ఇంకో కారణం బెదురు పరీక్ష. ఒకే విడతలో దూరపు దెబ్బలకు దళంలో నాలుగో వంతు పడితే మిగిలినవాళ్లు బెదిరి పారిపోవచ్చు. 8 మందిలో నాలుగో వంతు అంటే 2. నాయకుడు ఆ దళంలో చేరితే 9 మంది, అప్పుడు ముగ్గురు పడాలి. ఒక్క మనిషి చేరినందుకు ఇంత లాభం.

మూడో దళం 6 మందితో చిన్నది. దీన్ని ముందుకు పంపకండి. మొదటి దాడి ఎక్కడ ఆగిపోయిందో చూసి అక్కడికి పంపండి. గెలిచిన దళం తరుముకుంటూ వెళ్లి శత్రువుల మధ్య చిక్కుకోవడం గుర్రపు సైన్యంలో తరచూ జరిగేదే. అప్పుడు ఆదుకోవడానికి చేతిలో ఒకరు ఉండాలి.

తేలిక రౌతులకు మూడు పనులు. పక్క నుంచి కొట్టడం ఒకటి, అది చూశాం. రెండోది అడ్డు తగలడం. శత్రువు 8 అంగుళాల లోపల ఉంటే కాలిబంట్లు వేగంగా రెట్టింపు నడక నడవలేరు. అయిదు గుర్రాలు దగ్గరలో తిరుగుతుంటే చాలు, 25 మంది సగం వేగంతో కదులుతారు. మూడోది మాయ పరుగు. శత్రువు దూకగానే తేలిక రౌతులు వెనక్కి పారిపోతారు. శత్రువుకు దెబ్బ తగలక, మధ్యదారిలో తన వరుస వదిలి ఆగిపోతాడు. అతని పక్క మన బరువు దళాలకు కనిపిస్తుంది. తేలిక దళం తర్వాతి విడతలో నిలదొక్కుకుంటే మళ్లీ కదలగలదు.

కాలిబంట్లు గెలవడానికి కాదు, నిలబడటానికి. వాళ్లు మధ్యలో ఒక చోట శత్రువును పట్టి ఉంచితే గుర్రాలు చుట్టూ తిరిగి రావడానికి సమయం దొరుకుతుంది. విలుకాండ్రు శత్రువు తేలిక దళాలను చెదరగొడతారు. కవచం లేనివాళ్ల మీద బాణం బాగా పనిచేస్తుంది.

నాయకుడి మీద 100కు మించి పెట్టకండి. మంత్ర ఖడ్గం, మంత్ర కవచం అని చేర్చుకుంటూ పోతే 250, 300 అవుతుంది. ఆ తేడాతో రెండు తేలిక దళాలు వస్తాయి.

7. దేనికి భయపడాలి?

కవచాన్ని లెక్కచేయనివి కొన్ని ఉన్నాయి. ఫిరంగి గుండుకు, పెద్ద యంత్రంతో వదిలే బాణానికి కవచం పరీక్ష ఉండదు. రెండు చేతులతో పట్టే గొడ్డలి వంటి ఆయుధాలు బలాన్ని రెండు పెంచుతాయి, మన 2 పరీక్ష 4 అవుతుంది, అంటే సగానికి సగం. అవి పట్టినవాడు ఆఖరున కొడతాడు కాబట్టి మన మొదటి దెబ్బలోనే అతన్ని పడగొట్టాలి. ఫిరంగుల దగ్గర కాపలా సాధారణంగా తక్కువ. తేలిక రౌతులను మొదటి రెండు విడతల్లో అంచు వెంబడి అక్కడికి పంపాలి. 36 మంది బరువు రౌతుల లిస్టులో ఈ పనికి పంపడానికి ఎవరున్నారు? ఎవరిని పంపినా 25 చొప్పున ఖర్చే.

8. చరిత్ర ఏం చెబుతోంది?

ఇది కల్పిత లోకపు ఆటే అయినా లెక్క నిజమైన యుద్ధాల నుంచి వచ్చిందే. 1066లో హేస్టింగ్స్ దగ్గర నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండు రాజు హెరాల్డును ఓడించాడు. విలియం దగ్గర రౌతులే కాదు, విలుకాండ్రు, కాలిబంట్లు కూడా ఉన్నారు. కొండ మీద డాళ్లు అడ్డం పెట్టి నిలబడ్డ ఇంగ్లీషు కాల్బలాన్ని గుర్రాలు ఎదురుగా కొట్టి చెదరగొట్టలేకపోయాయి. నార్మన్ రౌతులు పారిపోతున్నట్టు నటించి వాళ్లను కిందికి రప్పించారని ఆ కాలపు రచనలు చెబుతున్నాయి. మన మాయ పరుగు అదే.

1346లో క్రెసీ దగ్గర దీనికి పూర్తిగా తిరగబడింది. ఫ్రెంచి వీరులు ఒకరి తర్వాత ఒకరు ఎదురుగా దూకారు. పొడవాటి విల్లులు పట్టిన ఇంగ్లీషువాళ్లు వాళ్లను ఎన్నోసార్లు తిప్పికొట్టారు. ధైర్యానికి, గుర్రాలకు, కవచాలకు లోటు లేదు. లేనిది పొత్తు.

9. నియమం మారితే లిస్టు మారాలి

2010లో వచ్చిన 8వ కూర్పులో రెండు మార్పులు వచ్చాయి. దూకే దూరానికి పాచికలు కలిపారు, కాబట్టి మనం చెప్పుకున్న 8, 14 అంగుళాల లెక్క ఖచ్చితంగా నిలవలేదు. ఎదుటివాడికన్నా ఎక్కువ వరుసలు ఉన్న దళం ఓడినా తన పూర్తి నిలకడతోనే పరీక్ష రాయవచ్చన్నారు. దాంతో పెద్ద కాల్బలాన్ని ఒక్క దెబ్బలో చెదరగొట్టడం గుర్రాలకు కష్టమైంది. పాత లిస్టునే పట్టుకున్నవాళ్లు ఓడారు. 2015లో ఈ ఆటను ఆపి సంస్థ వేరే ఆట తెచ్చింది. 2024 జనవరిలో 'ది ఓల్డ్ వరల్డ్' పేరుతో ఆ పాత లోకం మళ్లీ వచ్చింది, బ్రెటోనియా వీరులతో సహా. కాబట్టి పట్టికను బట్టీ పట్టకండి, పట్టిక వెనక ఉన్న లెక్క నేర్చుకోండి. ఆ లెక్క వస్తే ఏ కూర్పుకైనా కొత్త పట్టిక మీరే రాసుకోగలరు.

10. బొమ్మలు ఎక్కడివి?

ఈ ఆట బొమ్మలు చాలా ఖరీదు. ఒక సైన్యం కొనే డబ్బుతో మనలో ఒకరికి ఏడాది పుస్తకాలు వస్తాయి. "ఇవి మనబోటివాళ్ల ఆటలు కావు" అని నాతో అన్నవాళ్లు ఉన్నారు. కానీ ఆట బొమ్మలో లేదు, లెక్కలో ఉంది. నేను, నా రూమ్మేటు పాత శుభలేఖల అట్టతో ఆడాం. కాలిబంటుకు 20 మిల్లీమీటర్ల చదరం, రౌతుకు 25 వెడల్పు, 50 పొడవు ముక్క కత్తిరించండి. అసలు ఆటలోనూ ఆ కూర్పుల్లో పీటల కొలతలు ఇవే. బరువు రౌతుకు "బ", తేలిక రౌతుకు "తే" అని రాయండి. స్కేలుకు అంగుళాల వైపు ఉంది, లూడో పెట్టెలో పాచికలున్నాయి. గచ్చు మీద సుద్దముక్కతో నాలుగు అడుగుల చదరం గీయండి. రెండు పుస్తకాలు పెడితే కొండలు. ఆట ఆరు విడతలు. వార్డెన్ గారు అడిగితే సంభావ్యత అభ్యాసం చేస్తున్నామని చెప్పండి, అది అబద్ధం కాదు.

11. ఆట బయట

మనలో చాలామందికి డిగ్రీ తర్వాత చేతిలో ఉండేది మూడు నాలుగేళ్ల కాలం. ఇంటి దగ్గర చూసేవాళ్లు ఎక్కువ, ఆగే ఓపిక తక్కువ. ఆ కాలమంతా ఒకే ఉద్యోగ నోటిఫికేషన్ మీద పెట్టినవాళ్లను నేను చూశాను. అది 36 మంది బరువు రౌతుల లిస్టు. తగిలితే గొప్ప దెబ్బే. నోటిఫికేషన్ వాయిదా పడితే పక్కన ఎవరూ ఉండరు. ఆ పరీక్ష రాయవద్దని నేను అనడం లేదు. మన బరువు దళం అదే, దానికే ఎక్కువ పాయింట్లు పెట్టాలి. దాని పక్కన 75 పాయింట్ల తేలిక దళం ఒకటి ఉందా అని మాత్రం చూసుకోండి. బీఎడ్ కావచ్చు, కంప్యూటర్ పని కావచ్చు, సాయంత్రం చెప్పే ట్యూషన్ కావచ్చు. ఇంటికి నెలనెలా కొంత పంపగలిగేది ఏదైనా మన కాలిబంట్ల దళమే. అది గెలవదు, కానీ నిలబెడుతుంది.

అభ్యాసం

1. నిలకడ 8 ఉన్న దళం 2 పాయింట్లతో ఓడింది. అది నిలిచే అవకాశం 36లో ఎంత? (జవాబు: 15)

2. పై పట్టికలో కాలిబంట్లను తీసేసి ఆ 125 పాయింట్లతో అయిదుగురు బరువు రౌతులను కొన్నారు. ఇప్పుడు ఏ పని చేసేవాళ్లు లేకుండా పోయారు? ఆ పని ఇంకెవరు చేయగలరు?

3. బడ్జెట్ 750కి తగ్గింది. పై పట్టిక నుంచి 250 పాయింట్లు తగ్గించండి. అన్నింటి నుంచీ కొంచెం కొంచెం తీయడం మేలా, ఒక దళాన్ని పూర్తిగా తీయడం మేలా? కారణం రాయండి.

4. ఎదుటివాడు మీకన్నా ఎక్కువ గుర్రాలతో వస్తే మీ కాలిబంట్లను ఎక్కడ నిలబెడతారు? పటం గీయండి.

చివరి మూడింటికి జవాబులు నా దగ్గర అడగవద్దు. పక్క గదిలో ఒకరిని పిలిచి, సుద్దముక్క తీసుకుని ఆడి చూడండి. ఓడినవాడి లిస్టు చింపేయకుండా దాచండి. వచ్చే వారం దానిలో ఒక్క గీత కొట్టి, ఒక్క గీత చేర్చి మళ్లీ ఆడండి.